కేరాఫ్ అడ్రసు



మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. డిగ్రీ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. “అన్నా, ప్రైవసీకి మంచి వీపీఎన్ ఏది? వాడినవాళ్లు ఏమంటున్నారు?” అని.

ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు. 2019లో ఇదే ప్రశ్నకు నేను అలాగే ఒక పేరు చెప్పి ఊరుకున్నాను. దానివల్ల ఒక చెల్లెలికి ఏం జరిగిందో ఇన్నేళ్లూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు ఆమెను అడిగి, ఆమె సరేనన్నాకే రాస్తున్నాను. ఊరు, కాలేజీ, బ్రాంచి అన్నీ తీసేశాను. వెతకొద్దు.

ముందు మా ఊరి ఉత్తరాల సంగతి చెప్పాలి. అది చెప్తే వీపీఎన్ అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

1980ల్లో మా ఊళ్లో పోస్టుమేన్ పల్లెలోకి వచ్చేవాడు కాదు. ఊరి మధ్య కిరాణా కొట్టు దగ్గర సైకిల్ ఆపి, మా పల్లె ఉత్తరాలన్నీ ఆ అరుగు మీద పెట్టి వెళ్లిపోయేవాడు. కార్డు ముక్క అయితే అక్కడ కూర్చున్న ప్రతివాడూ చదివేవాడు. మేనత్త కాన్పు సంగతి, బాబాయి పట్నంలో చేసిన అప్పు సంగతి మాకంటే ముందు ఊరికి తెలిసేది. మా నాన్న ఉప్పు కోసం వెళ్తే “ఏరా, మీ తమ్ముడు అప్పుల్లో పడ్డాడంటగా” అని నవ్వేవాళ్లు. నాన్న తల ఊపి, ఉప్పుతో పాటు ఆ కార్డు తెచ్చుకునేవాడు.

కవరు అంటించి వచ్చినా తేడా ఏం లేదు. లోపల ఏముందో తెలియకపోయినా, ఎవరు రాశారు, ఏ ఊరి ముద్ర ఉంది, నెలకు ఎన్ని వస్తున్నాయి, అన్నీ లెక్కే. “వీళ్లకు గుంటూరు నుంచి ఉత్తరాలు ఎక్కువయ్యాయి, సంఘం గింఘం పెడుతున్నారేమో” అని ఒకసారి పెద్దమనుషులే మా తాతను పిలిచి అడిగారు.

మా అన్నకు ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. ఆ కొట్టులో తక్కెడ బల్ల కింద పదకొండు రోజులు పడి ఉంది. మా చేతికి వచ్చేసరికి ఇంటర్వ్యూ తేదీ దాటిపోయింది. “మర్చిపోయాం రా” అన్నారు. ఎవరూ దాచలేదు, ఎవరూ చించలేదు. మర్చిపోయారంతే. మా అన్న ఆ తర్వాత ముప్పై ఏళ్లు తాపీ పని చేశాడు.

అప్పుడు నాన్న ఒక పని చేశాడు. మండల కేంద్రంలో మనవాళ్లే ఒక మాస్టారు ఉండేవారు. అక్కడి నుంచి మాకు రావాల్సిన ఉత్తరాలన్నీ ఆయన కేరాఫ్‌గా రాయించడం మొదలుపెట్టాడు. సంత రోజు నాన్న వెళ్లి తెచ్చుకునేవాడు. మాస్టారు ఉత్తరాలకు దారం కట్టి ఇచ్చేవారు. ఒక్కటి కూడా విప్పేవారు కాదు. మా ఊరి కొట్టువాళ్లకు ఇక మా ఉత్తరాలు కనబడటం మానేశాయి.

వీపీఎన్ అంటే ఇదే తమ్ముడూ. కేరాఫ్ అడ్రసు.

నువ్వు ఫోన్లో ఏ సైట్ తెరిచినా, నీ నెట్ కంపెనీకో, హాస్టల్ వైఫై నడిపేవాళ్లకో ఆ సైట్ పేరు తెలుస్తుంది. ఈ రోజుల్లో చాలా సైట్లు కవరు అంటించే పంపుతాయి, కాబట్టి లోపల ఏం రాశావో వాళ్లు చదవలేరు. కానీ కవరు మీద అడ్రసు కనబడుతుంది. అటువైపు, నువ్వు వెళ్లిన సైట్‌కు నీ ఐపీ అడ్రస్ తెలుస్తుంది. వీపీఎన్ మధ్యలో కూర్చుంటుంది. నీ నెట్ కంపెనీకి వీపీఎన్ వరకే కనబడుతుంది. సైట్‌కు వీపీఎన్ అడ్రసే కనబడుతుంది. కానీ రెండువైపులా చూడగలిగే మనిషి ఒకరు కొత్తగా వచ్చారు చూడు. ఆ మాస్టారు. ఆయన మంచివాడైతే నీకు తెర ఉన్నట్టు. కాకపోతే కొట్టు అరుగు ఇంకో ఊరికి మారినట్టు, అంతే.

ఈ ముక్క 2019లో నాకు తెలియదు.

ఆ ఏడాది ఆగస్టులో కశ్మీర్లో ఇంటర్నెట్ ఆపేశారు. 2020 జనవరిలో 2జీ వచ్చినా, ప్రభుత్వం జాబితా వేసిన సైట్లే తెరుచుకునేవి. అక్కడి పిల్లలు వీపీఎన్‌లతో దాన్ని దాటారు. ఫిబ్రవరిలో శ్రీనగర్ సైబర్ పోలీసులు వీపీఎన్‌తో సోషల్ మీడియా వాడినవాళ్ల మీద ఊపా కింద కేసు పెట్టారు. 4జీ మళ్లీ వచ్చింది 2021 ఫిబ్రవరిలో. ఇంటర్నెట్ ఆగిన ఆ రోజుల్లో మా స్టడీ సర్కిల్లో ఇదే చర్చ. నేను పెద్ద తెలిసినవాడిలా లేచి, ఒక ఉచిత వీపీఎన్ యాప్ పేరు చెప్పి, “ఇది ఆన్ చేసుకుంటే మిమ్మల్ని ఎవడూ పట్టుకోలేడు” అన్నాను. చప్పట్లు కూడా కొట్టారు.

ఆ గదిలో ఒక చెల్లెలు ఉంది. ఇంజనీరింగ్ చదువుతోంది. తండ్రి మున్సిపాలిటీలో పారిశుధ్య పని.

2021లో ఆమె పేరు లేకుండా ఒక పేజీ మొదలుపెట్టింది. తన కాలేజీలో జరిగేవి రాసేది. రిజర్వేషన్ సీటు పిల్లల్ని ల్యాబ్‌లో చివరి బల్లకు పంపడం, ర్యాంకు అడిగి నవ్వడం, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని అందరి ముందు నిలబెట్టడం. ఎవరి పేరూ రాయలేదు, ఎవరినీ తిట్టలేదు. జరిగింది జరిగినట్టు రాసింది. రెండు నెలల్లో మిగతా కాలేజీల పిల్లలు కూడా తమ సంగతులు పంపడం మొదలుపెట్టారు.

ప్రతిసారీ వీపీఎన్ ఆన్ చేసే రాసింది. నేను చెప్పినట్టే.

అయినా దొరికిపోయింది. ఎలాగో తెలుసా? పేజీ పెట్టేటప్పుడు తన ఫోన్ నంబరే ఇచ్చింది. ఆ నంబర్ క్లాసులో అందరి ఫోన్లలోనూ ఉంది. “మీకు తెలిసినవాళ్లు కావచ్చు” అని ఆ యాప్ ఆ పేజీని ఆమె క్లాస్‌మేట్లకే చూపించింది. ఒకడికి అనుమానం వచ్చింది. పాస్‌వర్డ్ మర్చిపోయామని నొక్కితే నంబర్ చివరి రెండు అంకెలు కనబడ్డాయి. అయిపోయింది. ఐపీ అడ్రస్‌తో ఎవరికీ పని పడలేదు.

వాళ్ల నాన్నను పిలిపించారు. ఆయన డ్యూటీ దిగి, ఆ బట్టలతోనే, బస్సెక్కి వచ్చాడు. ప్రిన్సిపాల్ గదిలో కుర్చీలు ఖాళీగా ఉన్నా నలభై నిమిషాలు నిలబడ్డాడు. “పిల్ల తెలియక చేసింది సార్, క్షమించండి” అని చేతులు జోడించాడు. ఆమె పక్కనే ఉంది. తెలిసే చేసింది. తను రాసింది ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. కానీ నాన్న జోడించిన చేతుల ముందు ఆ మాట అనలేకపోయింది. పేజీ తీసేసింది. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు.

వారం తర్వాత నన్ను కలిసింది. తిడుతుందనుకున్నాను. “అన్నా, మీరు తాళం ఇచ్చారు. తలుపు ఎటుందో చెప్పలేదు” అంది. అంతకంటే ఏమీ అనలేదు. నాకు ఆ రాత్రి మా అన్న ఇంటర్వ్యూ కార్డు గుర్తొచ్చింది. ఆ కొట్టువాడు మర్చిపోయాడు. నేను తెలుసుకోకుండానే చెప్పాను. నష్టపోయినవాళ్లకు ఈ రెంటికీ తేడా ఏముంది?

అప్పటి నుంచి మా సర్కిల్లో వీపీఎన్ వాడే ప్రతివాళ్లనూ కూర్చోబెట్టి అడుగుతున్నాను. ఏమంటారో విను.

ఎక్కువమంది మొదట చెప్పేది స్పీడు. “నెట్ నెమ్మదిస్తుందన్నా.” రెండోది బ్యాటరీ. మూడోది, వీపీఎన్ ఆన్‌లో ఉంటే బ్యాంకు యాప్ మొరాయిస్తుంది, కొన్ని ప్రభుత్వ సైట్లు అసలు తెరుచుకోవు. ఒక తమ్ముడు స్కాలర్‌షిప్ సైట్ తెరుచుకోక, డబ్బు ఆగిపోయిందని రెండు రోజులు అన్నం మానేశాడు. చివరికి చూస్తే ఫోన్లో దేశం స్వీడన్ అని ఉంది. నవ్వుకున్నాం గానీ, స్కాలర్‌షిప్ మీద బతికేవాడికి అది నవ్వే సంగతి కాదు. ఇంకొందరికి సినిమాలు వస్తాయా రావా అన్నదే లెక్క. నేను తప్పు పట్టను. సినిమా చూడటం కూడా బతుకే.

కానీ “ఈ కంపెనీ ఎవరిది? నా సంగతులు రాసిపెట్టుకుంటుందా? పోలీసు అడిగితే ఏం చేస్తుంది?” అని ముందుగా అడిగినవాళ్లు ఇద్దరే. ఒకరు లాయరు. ఇంకొకరు ఆ చెల్లెలు.

నెట్‌లో “టాప్ 10 వీపీఎన్‌లు” చూసి ఎంచుకున్నామన్నవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. కేప్ టెక్నాలజీస్ అనే కంపెనీ 2021లో ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్‌ను 93 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నది. అంతకుముందే సైబర్‌ఘోస్ట్, ప్రైవేట్ ఇంటర్నెట్ యాక్సెస్ దాని చేతిలో ఉన్నాయి. అదే ఏడాది వీపీఎన్‌మెంటర్ లాంటి రివ్యూ సైట్లు నడిపే కంపెనీని కూడా అదే కొన్నది. సంతలో ఎద్దును అమ్మేవాడూ, “ఈ ఎద్దు మంచిది” అని పక్కన నిలబడి చెప్పేవాడూ ఒకే ఇంటివాళ్లయితే మన నాన్నలు కొనేవాళ్లా?

ఉచితంగా ఇచ్చేవాటి సంగతి ఇంకా ఉంది. ఫేస్‌బుక్ ఒకప్పుడు ఒనావో ప్రొటెక్ట్ అనే ఉచిత వీపీఎన్ నడిపింది. పేరులోనే రక్షణ ఉంది. జనం ఏ యాప్ ఎంతసేపు వాడుతున్నారో దాంతోనే తెలుసుకుంది. 2018లో ఆపిల్ తన స్టోర్ నుంచి దాన్ని తీయించింది. హోలా అనే ఇంకొకటి వాడేవాళ్ల నెట్‌నే ఇతరులకు అమ్ముకుంటోందని 2015లో బయటపడింది. మాస్టారు ఉత్తరాలు ఊరికే తెచ్చిపెడుతున్నారంటే, ఆయన మనవాడు అయ్యుండాలి, లేదా ఉత్తరాలు చదివి అమ్ముకుంటూ ఉండాలి.

“మేం ఏ రికార్డూ ఉంచం” అని అందరూ రాస్తారు. ప్యూర్‌వీపీఎన్ కూడా అలాగే చెప్పింది. 2017లో అమెరికాలో ఒక కేసులో దాని రికార్డులు ఎఫ్‌బీఐకి పనికొచ్చాయి. ఆ కేసులో దొరికినవాడు ఒక అమ్మాయిని వేధించినవాడు, వాడి మీద నాకు జాలి లేదు. కానీ లేవన్న రికార్డులు ఉన్నాయని తేలింది కదా, అది గుర్తుపెట్టుకోవాలి.

మరి నమ్మదగినవి లేవా? మాట కాకుండా పరీక్ష చూడాలి. స్వీడన్‌లో ముల్‌వాడ్ అని ఒకటుంది. పేరు అడగదు, ఈమెయిల్ అడగదు. పదహారు అంకెల నంబర్ ఒకటి ఇస్తుంది, అదే నీ ఖాతా. నెలకు 5 యూరోలు, ఎవరికైనా అంతే. 2023 ఏప్రిల్ 18న స్వీడన్ పోలీసులు వారెంటుతో గోథెన్‌బర్గ్‌లోని ఆ ఆఫీసుకు వెళ్లారు. వాడేవాళ్ల వివరాలు అసలు ఉంచుకోవడం లేదని కంపెనీవాళ్లు వివరించారు. పోలీసులు ఏమీ తీసుకోకుండా వెళ్లిపోయారు. నోటుపుస్తకమే లేని మాస్టారి ఇంట్లో ఏం వెతుకుతారు?

ఇది వాడేవాళ్లు బాగా మెచ్చుకుంటారు. అయితే 5 యూరోలంటే మన డబ్బుల్లో ఐదు వందల అటూ ఇటూ. విదేశాలకు డబ్బు కట్టే కార్డు మన పిల్లల్లో ఎంతమందికి ఉంది? యూపీఐ ఉంటుంది, అది పేరూ బ్యాంకూ అన్నీ చెప్పేస్తుంది. తెర కొనుక్కోవాలంటే కూడా ముందు ఉండాల్సినవి ఉండాలి.

స్విట్జర్లాండ్‌లోని ప్రోటాన్ ఉచితంగా కూడా ఇస్తుంది, డేటాకు లెక్క పెట్టదు. డబ్బు కట్టేవాళ్ల మీద ఉచితంగా వాడేవాళ్లు నడుస్తారు. మా పిల్లల్లో ఎక్కువమంది దీనికే వచ్చారు. కానీ దీని కథ కూడా పూర్తిగా తెలియాలి. 2021లో ఫ్రాన్స్‌లో ఒక పర్యావరణ కార్యకర్త ఐపీ అడ్రస్‌ను స్విస్ అధికారుల ఆదేశం మేరకు ప్రోటాన్ ఈమెయిల్ సర్వీస్ రికార్డు చేసి ఇవ్వాల్సి వచ్చింది. స్విస్ చట్టం కింద వీపీఎన్‌కు అలాంటి ఆదేశం వర్తించదని కంపెనీ చెప్పింది. కావచ్చు. కానీ ఏ మాస్టారూ తన ఊరి చట్టం దాటి ఉండడు.

మన ఊరి చట్టం ఏమంటోంది? 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఆదేశాలు ఇచ్చింది. వీపీఎన్ కంపెనీలు వాడేవాళ్ల పేరు, అడ్రసు, ఫోన్ నంబర్ సరిచూసుకుని, ఇచ్చిన ఐపీలు, ఎందుకు వాడుతున్నారన్న కారణంతో సహా అయిదేళ్లు ఉంచాలి. మాస్టారు నోటుపుస్తకం పెట్టాలన్నమాట. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్, ప్రోటాన్ తమ సర్వర్లను ఇండియా నుంచి తీసేశాయి. ఆఫీసులు తమ ఉద్యోగుల కోసం నడుపుకునే వీపీఎన్‌లకు మాత్రం ఇది వర్తించదని ఆ తర్వాత వివరణ ఇచ్చారు. కంపెనీ రహస్యానికి తెర ఉండొచ్చు. నీ రహస్యానికి మాత్రం కారణం రాసివ్వాలి. వీపీఎన్ వాడటం మన దేశంలో మామూలుగా నేరం కాదు, భయపడొద్దు. జమ్మూ కశ్మీర్‌లో కొన్ని జిల్లాల్లో అప్పుడప్పుడు నిషేధ ఉత్తర్వులు ఇచ్చారు, అది వేరు.

ఇక్కడ కొందరు మిత్రులు అంటారు: “నాకు దాచుకోవాల్సింది ఏం లేదు బ్రదర్.” వాళ్లతో నాకు తగువు లేదు. వాళ్ల ఉత్తరం ఎప్పుడూ నేరుగా వాళ్ల ఇంటికే వచ్చింది. మనం అలా కాదు. స్కూల్లో చేరిన రోజు నుంచి కులం కాగితం చూపిస్తేనే ఏదైనా. హాస్టల్ పేరులో కులం, ర్యాంకు లిస్టులో కులం, ఊళ్లో ఏ వైపు ఇల్లని అడిగితే కులం. అద్దె ఇంటికి వెళ్తే “ఏం తింటారు” అన్న ప్రశ్నలో కులం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని ఒక్క గొంతుతో చెప్పారు. అది మనకు కొత్తగా వచ్చిన విలాసం కాదు. మా నాన్న సంత రోజు ఆరు కిలోమీటర్లు నడిచి తెచ్చుకున్నది అదే.

అయినా, ఆ తెర ఎంతవరకో తెలియాలి.

కేరాఫ్ అడ్రసు దారిలో కాపాడుతుంది. ఇంట్లో కాపాడదు. భీమా కోరేగావ్ కేసు చూడండి. ఆ కేసులో ఆనంద్ తెల్తుంబ్డే గారు లొంగిపోయింది 2020 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజు. అదే కేసులో రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌ను పరీక్షించిన అమెరికా సంస్థ ఆర్సెనల్, 2021లో ఒక నివేదిక ఇచ్చింది. వరవరరావు గారి ఈమెయిల్ ఖాతా నుంచి వచ్చిన ఒక ఫైల్ తెరవడంతో ఆ ల్యాప్‌టాప్‌లోకి నెట్‌వైర్ అనే మాల్‌వేర్ చేరిందనీ, దాదాపు 22 నెలల పాటు ఎవరో దాన్ని నడిపి, లేఖలు లోపల పెట్టారనీ చెప్పింది. ఎన్ఐఏ దాన్ని ఒప్పుకోలేదు. కానీ ఆ నివేదిక చెప్పినట్టే జరిగి ఉంటే, అక్కడ ఏ వీపీఎన్ ఏం చేయగలదు? ఇంటి అటక మీద ఎవరో కాగితాలు పెట్టి వెళ్తే కేరాఫ్ మాస్టారు ఏం చేస్తారు?

హైదరాబాద్ సంగతి ఇంకా తేలిక. 2021 అక్టోబర్లో రోడ్డు మీద పిల్లల్ని ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి అని వెతికిన వీడియోలు మనమంతా చూశాం. కార్డన్ సెర్చ్ జరిగేది ఎక్కువగా ఏ బస్తీల్లోనో మీకు చెప్పక్కర్లేదు. చేతిలోంచి ఫోన్ లాక్కున్నాక సర్వర్ స్వీడన్‌లో ఉంటే ఏంటి, సికింద్రాబాద్‌లో ఉంటే ఏంటి?

కాబట్టి తమ్ముడూ, ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను పేరు చెప్పే ముందు మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. ఎవరి నుంచి దాచుకోవాలి? హాస్టల్ వార్డెనా, నెట్ కంపెనీయా, పోలీసా, సొంత క్లాస్‌మేటా? ఏం దాచుకోవాలి? పేరా, ఉన్న చోటా, రాసిన మాటా, నీకు సంగతులు పంపినవాళ్ల పేర్లా? బయటపడితే ఎవరికి దెబ్బ? నీకేనా, ఇంటికి కూడానా?

హాస్టల్ వైఫై నుంచి దాచుకోవాలంటే వీపీఎన్ చాలు. క్లాస్‌మేట్ నుంచి అయితే వేరే నంబర్, వేరే ఈమెయిల్ కావాలి, కాంటాక్ట్స్ అనుమతి ఆపాలి, ఫొటోలో కిటికీ కూడా కనబడకూడదు. ఫోన్ లాక్కునేవాళ్ల నుంచి అయితే గట్టి లాక్, చెరిగిపోయే మెసేజ్‌లు, ఒక లాయర్ నంబర్ నోటికి వచ్చి ఉండాలి. పేజీ నడపాలంటే ఒక్కరే నడపొద్దు. ప్రిన్సిపాల్ గదిలోకి పిలిస్తే మన వెంట వచ్చే నలుగురు ముందే ఉండాలి. ఆ రోజు ఆ చెల్లెలి నాన్న పక్కన నిలబడటానికి మేమెవరం లేం. ఆ లోటు ఏ యాప్‌దీ కాదు, మాది.

ఆమె ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. నెలకోసారి ఆన్‌లైన్‌లో మన పిల్లలకు ఈ పాఠం ఆమే చెప్తుంది. నేను వెనక కూర్చుని వింటాను. పోయినసారి ఒక పిల్ల “అక్కా, ఏ వీపీఎన్ వాడాలి?” అని అడిగింది. ఆమె ఏ పేరూ చెప్పలేదు.

“ముందు నువ్వెవరికి భయపడుతున్నావో చెప్పు. తర్వాత చూద్దాం” అంది.

ఈ పాఠాలకు రావాలనుకునేవాళ్లు మెసేజ్ పెట్టండి. అసలు పేరుతో పెట్టక్కర్లేదు.

జై భీమ్.